పిల్లి పండు తింది: లక్షణాన్ని బట్టి ఏం చేయాలి

పిల్లికి పండు అవసరం లేదు. అది పూర్తి మాంసాహారి. తీపిని పసిగట్టే జన్యువు దాని ఒంట్లో పనిచేయదని 2005లోనే తేలింది. అయినా ఖర్బూజా కోస్తే చాలు, వంటింట్లోకి పరుగెత్తుకొచ్చే పిల్లులున్నాయి. వాటిని లాగేది వాసన.

గింజలు, తొక్క తీసేసిన ఖర్బూజా, పుచ్చకాయ, అరటి, మామిడి గుజ్జు ఎప్పుడైనా గోరంత ముక్క తింటే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఏమీ కాదు. షుగరున్న పిల్లికి అదీ వద్దు. ఇంతకు మించి తిన్నా, తినకూడనిది తిన్నా కింది లక్షణాలు చూసుకోండి.

ఒకటి రెండు వాంతులు, పల్చటి విరేచనం, కానీ హుషారుగానే ఉంది

కారణం: పండులోని చక్కెర, పీచు దాని పేగులకు అలవాటు లేవు. ఫ్రూట్ కస్టర్డ్, మిల్క్‌షేక్ నాకి ఉంటే తప్పు పాలది కావచ్చు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

పరిష్కారం: పండు ఆపేయండి. మంచినీళ్లు దగ్గర పెట్టండి. ఉప్పు, పసుపు, మసాలా ఏమీ వేయకుండా ఉడకబెట్టిన చికెన్ కొంచెం కొంచెంగా పెట్టండి. ఒక రోజులో తేరుకోకపోతే డాక్టరుకి చూపించాలి. పిల్లి కూన అయితే ఆ ఒక్క రోజు కూడా ఆగకండి, తొందరగా నీరసించిపోతుంది.

ద్రాక్ష, కిస్‌మిస్ తింది

దీనికి లక్షణం కోసం ఎదురుచూడకూడదు. ద్రాక్ష తిన్న కుక్కల్లో ముందు వాంతులు, తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతినడం పశువైద్యులు బాగా చూసిన విషయం. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణమని 2021లో అమెరికా పశువైద్యులు గట్టిగా అనుమానించారు. పిల్లుల్లో కేసులు తక్కువే. కానీ ఎన్ని తింటే ప్రమాదమో చెప్పే లెక్క లేదు కాబట్టి, ఒక్కటి తిన్నా డాక్టరుకి ఫోన్ చేయండి. పాయసం గిన్నె అడుగున మిగిలిన కిస్‌మిస్ కూడా ఈ లెక్కలోదే.

తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే డాక్టరు మందుతో కక్కించగలరు, అవసరమైతే సెలైన్ పెడతారు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించి కక్కించాలని చూడకండి, అది ఇంకో విషం. ఆ తర్వాత మూడు రోజులూ లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెం) మీద కన్నేసి ఉంచండి. మూత్రపు ముద్దలు బాగా పెరిగినా, తగ్గినా, మూత్రమే లేకపోయినా మళ్లీ పరుగెత్తాలి.

మన ఇళ్లలో ఇంకొకటి ఉంది. చింతపండులోనూ టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. చేప వాసనకి మోజుపడుతుంది కదా అని చేపల పులుసు కలిపిన అన్నం పిల్లికి పెట్టేస్తుంటాం. ఆ పులుసులో చింతపండుతో పాటు ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఆ రెండూ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పెట్టాలనుకుంటే పులుసులో వేయకముందే ఒక ముక్క విడిగా ఉడికించి, ముళ్లు తీసి పెట్టండి.

నోటివెంట చొంగ, మూతి పంజాతో తుడుచుకోవడం

కారణం: నిమ్మ, బత్తాయి, కమలా తొక్కల్లోని నూనె. పచ్చి మామిడికాయ జీడి, తొక్క సొన కూడా నోటిని మండిస్తాయి.

పరిష్కారం: తడిగుడ్డతో మూతి తుడవండి. బొచ్చుకి అంటితే గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి, లేకపోతే నాకి మళ్లీ మింగుతుంది. తూలుతున్నా, వణుకుతున్నా ఆసుపత్రికే.

పదేపదే ఓకరింతలు, తిండి మానేసింది, దొడ్డికి రావట్లేదు

కారణం: నేరేడు, రేగు, సపోటా గింజో, టెంక చీకినప్పుడు ఊడిన మామిడి పీచో పేగులో అడ్డుపడి ఉండొచ్చు. సీతాఫలం గింజలైతే నలిగితే విషం కూడా.

పరిష్కారం: ఇది ఇంట్లో తేలేది కాదు. ఎక్స్‌రే, స్కాన్ చేయాలి, ఒక్కోసారి ఆపరేషన్ తప్పదు. ఆముదం తాగించకండి. నోట్లోంచో, వెనకనుంచో పీచు, దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు తెగుతుంది. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది, లావుగా ఉన్నవాటికి ముప్పు మరీ ఎక్కువ.

ఏ లక్షణమైనా సరే, పారాసిటమాల్ మాత్ర ముక్క కూడా వేయకండి. మనుషుల జ్వరానికి వాడే ఆ మాత్ర పిల్లిని చంపేస్తుంది.

దగ్గర్లో పిల్లుల్ని చూసే డాక్టరు లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. వెళ్లేటప్పుడు తినగా మిగిలిన పండు, కక్కింది ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. ఏం తింది, ఎంత తింది, ఎన్నింటికి తింది, పిల్లి బరువెంత అన్నవి డాక్టరు మొదట అడిగే ప్రశ్నలు.