ఇటాలియన్ నేర్చుకునేటప్పుడు ఇంగ్లిష్‌ను ఎంతవరకు నమ్మాలి?

ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ఇటాలియన్ మొదలుపెట్టిన వారంలోనే వందల మాటలు పోగుచేసుకోవచ్చు. కిటుకంతా మాటల చివర్లలో ఉంది. 'షన్' వచ్చేచోట 'త్సియోనె' పెట్టండి: స్టేషన్ స్తత్సియోనె, నేషన్ నత్సియోనె. 'టీ' వచ్చేచోట 'తా': సిటీ చిత్తా, యూనివర్సిటీ ఊనివెర్సితా. 'బుల్' వచ్చేచోట 'బిలె': పాసిబుల్ పొస్సీబిలె. 'త్సియోనె', 'తా' చివర్లతో ఇలా వచ్చే నామవాచకాలు స్త్రీలింగమే కాబట్టి ముందు ఆర్టికల్ 'లా' చేర్చాలి, మాట అచ్చుతో మొదలైతే అది 'ల్' అవుతుంది. బహువచనంలో నత్సియోనె నత్సియోని అవుతుంది, చిత్తా మాత్రం మారదు. ఈ సూత్రం అన్నిచోట్లా పనిచెయ్యదు. ట్రాన్స్‌లేషన్‌ను ఇటాలియన్‌లో త్రన్స్లత్సియోనె అనరు, త్రదుత్సియోనె అంటారు. అందుకే మీరు కట్టిన ప్రతి మాటనూ ఒకసారి నిఘంటువులో చూసుకోండి. త్రెక్కాని నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అసలు దెబ్బ తగిలేది తెలిసిన ముఖంతో వచ్చే మాటల దగ్గర. పరెంతి అంటే బంధువులు, అమ్మానాన్నలు జెనితోరి. కామెరా అంటే గది. లిబ్రెరీయా పుస్తకాల దుకాణం, లైబ్రరీ బిబ్లియొతేకా. ఫత్తొరీయా పొలమూ పశువులూ ఉండేచోటు, ఫ్యాక్టరీ ఫబ్బ్రికా. ఎదుకాతొ అంటే మర్యాద తెలిసినవాడు, చదువుకున్నవాడు కాదు. అత్తువల్మెంతె అంటే 'ప్రస్తుతం', యాక్చువల్లీ కాదు. కల్దొ చెవికి కోల్డ్‌లా వినిపిస్తుంది గానీ అర్థం వేడి. కుళాయి మీద 'సి' అక్షరం చూసి చన్నీళ్లనుకుంటే చెయ్యి కాలుతుంది. కాఫీ బార్‌లో 'ఉన్ లత్తె' అని అడిగితే ఒట్టి పాలు ఇస్తారు. ఇలాంటి మాటలను విడిగా బట్టీపడితే నిలవవు. ఒకే కార్డు మీద జంటగా రాయండి: ఒక వాక్యంలో పరెంతి, దాని కిందే జెనితోరి.

ఉచ్చారణకు వచ్చేసరికి ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి తెలుగును పిలవండి. ఇటాలియన్ త, ద మన త, ద లాంటివే, ఇంగ్లిష్ ట, డ కావు. 'జడ్' అక్షరానికి ఒక ధ్వని చలి, చాపలలో పలికే దంత్య చకారం, రెండోది జడలోని దంత్య జకారం. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు తడబడేది ద్విత్వాల దగ్గర. కలకూ కల్లకూ తేడా తెలిసిన మనకు అది కష్టం కాకూడదు. నోనొ అంటే తొమ్మిదవది, నొన్నొ అంటే తాత. ద్విత్వం ముందు అచ్చు పొట్టిగా, ఒంటి హల్లు ముందు ఊనిక పడ్డ అచ్చు సాగుతూ పలుకుతుంది. 'నాకు ఇరవై ఏళ్లు' అనడానికి 'ఒ వెంతన్ని' అనాలి. ఆ న్న వత్తకుండా 'వెంతాని' అంటే ఏళ్లు కాస్తా మలద్వారాలవుతాయి. కాబట్టి మొదటి నెల ప్రతి కొత్త మాటనూ తెలుగు లిపిలో కూడా రాసుకోండి.

వాక్యం కట్టడంలోనూ తెలుగు ఆదుకునే చోట్లున్నాయి. 'ఐ లైక్ కాఫీ'ని మాటకు మాట మార్చి 'ఇయొ ప్యచ్చొ' అని మొదలుపెడితే 'నేను నచ్చుతాను' అని అర్థం వస్తుంది. సరైనది 'మి ప్యాచె ఇల్ కఫ్ఫె', అంటే నాకు కాఫీ నచ్చుతుంది. పుస్తకాలైతే 'మి ప్యచ్చొనొ ఇ లిబ్రి', నాకు పుస్తకాలు నచ్చుతాయి. క్రియ నచ్చిన వస్తువును బట్టి మారుతుంది, అచ్చం మనలాగే. నాకు తలనొప్పి అనడానికి 'మి ఫా మాలె లా తెస్తా'. అయితే ఆకలి దగ్గర తెలుగు కూడా దారి తప్పిస్తుంది. అక్కడ 'నాకు' ఉండదు, 'నేను ఆకలి కలిగి ఉన్నాను' అన్నట్టు 'ఒ ఫామె' అనాలి. చలి, వేడి, దాహం, వయసు కూడా ఇంతే.

మీరు, నువ్వు తేడా వాళ్లకూ ఉంది: లెయి, తు. కొత్తవారిని, అధికారులను 'కొమె స్తా' (ఎలా ఉన్నారు) అని పలకరించాలి, స్నేహితులను 'కొమె స్తాయ్' (ఎలా ఉన్నావు) అని. మన 'మీరు' బహువచనం, వాళ్ల లెయి మాత్రం 'ఆమె'కు వాడే ఏకవచన క్రియనే తీసుకుంటుంది. ఆఫీసు కౌంటర్ దగ్గర స్నేహితుల పలకరింపు 'చావ్' అనకండి, మర్యాదగా 'బువొన్‌జోర్నొ' అనండి. ఏదైనా అడగడానికి 'వోల్యొ' (నాకు కావాలి) మొరటుగా ఉంటుంది, మెత్తని రూపం 'వొర్రెయ్' వాడండి.

ఏ మాటలు ముందు నేర్చుకోవాలో తేల్చుకోవడానికి భాషావేత్త తుల్లియో దె మౌరొ కూర్చిన ప్రాథమిక పదజాలం ఉంది. దాని సవరించిన రూపం 2016లో వెలువడింది. మొత్తం 7000కు పైగా మాటలున్నా, గుండెకాయలాంటివి సుమారు 2000. రోజుకు 10 చొప్పున తీసుకుంటే ఏడు నెలల్లోపు అవుతాయి. కార్డుకు ఒకవైపు తెలుగు అర్థం, రెండోవైపు ఆర్టికల్‌తో సహా మాట, బహువచనం, ఒక చిన్న వాక్యం రాయండి. ఆర్టికల్ లేకుండా మాట నేర్చుకోవద్దు. చేతిని 'లా మానొ' అంటారు, ఒకారంతో ముగిసినా స్త్రీలింగమే. 'ఇల్ ప్రొబ్లేమా' ఆకారంతో ముగిసినా పుంలింగమే. గుడ్డు 'లువోవొ' ఏకవచనంలో పుంలింగం, గుడ్లు 'లె ఉవోవా' స్త్రీలింగం. కార్డులను 1, 3, 7, 15 రోజులకు తిరగేయండి. మూడుసార్లు తప్పిన కార్డును చించేసి, కొత్త వాక్యంతో మళ్లీ రాయండి.