విండో మధ్యలోనే తెరుచుకోవాలంటే

పైథాన్‌లో విండోలు తయారుచేసే టికింటర్ లైబ్రరీతో ఓ విండోను స్క్రీన్ మధ్యలో పెట్టబోతే, ఒక్కోసారి ముందు ఎక్కడో మెరిసి తర్వాత మధ్యకు దూకుతుంది. చూడ్డానికి మహా చిరాకు. రూట్, అంటే ప్రధాన విండో, తయారవగానే విత్‌డ్రా కాల్ చేసి దాన్ని దాచేయండి. బటన్లు, లేబుళ్లు అన్నీ పేర్చాక, వాటి కొలతల లెక్క పూర్తయ్యేలా అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ కాల్ చేయండి. ఇప్పుడు వెడల్పు కోసం విన్‌ఫో విడ్త్ అడగొద్దు. విండో ఇంకా తెరమీదికి రాలేదు కాబట్టి 1 అని చెప్పే ప్రమాదముంది. ఆ ఒకటితో నేను ఓ సాయంత్రమంతా కుస్తీ పట్టాను. దాని బదులు, విండోకు కావలసిన వెడల్పు చెప్పే విన్‌ఫో రెక్‌విడ్త్ అడగండి. అది 400 పిక్సెళ్లు అన్నదనుకోండి, స్క్రీన్ వెడల్పు 1920. తీసేస్తే 1520, అందులో సగం 760. ఎడమ అంచు అక్కడ. ఎత్తుకూ ఇదే లెక్క. ఆ రెండు అంకెలనూ ప్లస్ గుర్తులతో, విండో చోటును నిర్ణయించే జామెట్రీకి ఇచ్చి, చివర్న దాచినదాన్ని మళ్లీ చూపించే డీఐకానిఫై కాల్ చేస్తే విండో నేరుగా మధ్యలోనే తెరుచుకుంటుంది.