నేర చట్టం – సొంతంగా నేర్చుకుందాం, 7వ పాఠం: వెలగని అగ్గిపుల్ల

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. ఒకడు వేరేవాళ్ళ ఇంటికి నిప్పు పెట్టాడు. తలుపు సగం కాలింది, పక్కింటివాళ్ళు నీళ్ళు పోసి ఆర్పేశారు. ఇది పూర్తి నేరమా, ప్రయత్నమా? ‘ఇల్లు నిలబడే ఉంది కాబట్టి ప్రయత్నమే’ అని రాసుకుంటే కొట్టేయండి. తలుపు పాడైనప్పుడే నిప్పుతో చేసిన మిస్చీఫ్, అంటే కావాలని ఆస్తి పాడుచేయడం, పూర్తయింది. ఇల్లు నాశనం చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు, అది బూడిద కానక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత 326(జి) కింద యావజ్జీవం, లేదా పదేళ్ళ వరకు జైలు, పైగా జరిమానా. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత చట్టం, ఐపీసీ 436 చూడాలి.

ఈ రోజు అసలేమీ కాలని కేసు. సన్నాహం ఎక్కడ ఆగుతుంది, ప్రయత్నం ఎక్కడ మొదలవుతుంది అన్నదే ప్రశ్న. కథ నేను అల్లిందే.

చెన్నై వాషర్‌మన్‌పేటలో బట్టల గోడౌన్. వాటాల గొడవ. బావా బావమరుదులు బంకులో క్యాన్ నింపుకున్నారు. అర్ధరాత్రి దాటాక షట్టర్ కింది సందులోంచి పెట్రోలు పోశారు. బావ పుల్ల గీశాడు. నవంబరు వానకి పెట్టె చెమ్మగిల్లింది, మూడు పుల్లలు గీసినా ఒక్కటీ అంటుకోలేదు. ఇంతలో సందు చివర గస్తీ బండి లైటు. “పారేయ్ బావా, పద!”

పెన్సిల్ తీసుకుని, ఒక్కో పని దగ్గర ‘ఇక్కడితో ఆగిపోయి ఉంటే?’ అని రాయండి.

బంకు దగ్గర ఆగితే అది సన్నాహం మాత్రమే. బందిపోటు దోపిడీ (డెకాయిటీ) లాంటి కొన్నింటికి తప్ప సన్నాహానికి శిక్ష లేదు. క్యాన్‌తో సందులోకి నడిచినా అంతే అని నేనంటాను. పుల్ల గీశాక మాత్రం అనుమానం లేదు. 1859లో ఇంగ్లండ్‌లో టేలర్ అనేవాడు గడ్డివాము దగ్గర పుల్ల వెలిగించి, ఎవరో చూస్తున్నారని ఆర్పేశాడు. అది ప్రయత్నమే అన్నారు.

పేచీ అంతా పెట్రోలు పోసి, పుల్ల గీయకముందు. 1968లో మల్కియత్ సింగ్ కేసు. అనుమతి లేకుండా పంజాబ్ నుంచి తరలిస్తున్న వడ్ల లారీని ఢిల్లీ సరిహద్దుకు ముందే, సమాల్ఖా దగ్గర ఆపారు. డ్రైవరు మనసు మార్చుకుని వెనక్కి తిరిగి ఉండొచ్చు కదా, ఇది సన్నాహమే అంది సుప్రీంకోర్టు. 1980లో మహమ్మద్ యాకూబ్ కేసు. వసై దగ్గర కాలువ ఒడ్డున, దేశం దాటించబోయే స్మగ్లర్ల వెండి లారీలోంచి దింపుతుంటే పట్టుకున్నారు. పడవలోకి ఎక్కించకపోయినా ప్రయత్నమే అన్నారు. అందులో మన తెలుగు జడ్జి చిన్నపరెడ్డి విడిగా తీర్పు రాశారు. నేరానికి ఎంత దగ్గరికొచ్చాడన్నది టైముతో కాదు, ఉద్దేశంతో కొలవాలన్నారాయన. నా ఓటు ఆయనకే. అర్ధరాత్రి పరాయి గోడౌన్‌లోకి పెట్రోలు పోసినవాడి ఉద్దేశం తెలియడానికి పుల్ల కూడా కావాలా?

మరి పుల్ల తడిసింది కదా అంటారా? ప్రయత్నానికి శిక్ష చెప్పేది న్యాయ సంహిత సెక్షన్ 62. పాత ఐపీసీ 511లాగే అందులోనూ ఉదాహరణ ఉంది: ఖాళీ జేబులో చెయ్యి పెట్టిన జేబుదొంగకూ శిక్షే.

శిక్ష అసలు నేరానికి ఉన్నదాంట్లో సగం వరకు. సరుకు దాచే గోడౌన్ కూడా 326(జి) కిందికే వస్తుంది. యావజ్జీవంలో సగమెంత? సెక్షన్ 6 దాన్ని 20 ఏళ్ళుగా లెక్కిస్తుంది కాబట్టి పదేళ్ళు. లోపల వాచ్‌మన్ పడుకున్నాడని తెలిసే చేస్తే 109, అంటే హత్యాయత్నం కూడా వచ్చి పడుతుంది.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక మాట. చెన్నైలో ఎఫ్‌ఐఆర్ తమిళంలో ఉంటుంది. చదవడం రాదని టెన్షన్ పడి ఎవరినో సారాంశం అడుగుతారు. అలా వద్దు, మాటకి మాట చదివించుకుని క్రియల కింద గీతలు గీయండి. ‘ఊట్రినార్’ అంటే పోశారు, ‘ఊట్ర ముయన్‌డ్రార్’ అంటే పోయడానికి ప్రయత్నించారు. ఈ రెండింటి తేడా మీదే వాదన నడుస్తుంది. బెయిలుకీ సెక్షన్ చూడాలి: మామూలు ఆస్తికి నష్టం చేయాలని నిప్పు పెడితే వచ్చే 326(ఎఫ్) బెయిలబుల్, 326(జి) కాదు. ప్రయత్నానికీ అదే వర్తిస్తుంది.

వచ్చే పాఠంలోపు రెండు ప్రశ్నలకి జవాబు రాయండి. ఒకటి, గోడౌన్ బావ సొంతదే, ఇన్సూరెన్స్ డబ్బు కోసం పోశాడు. నేరమవుతుందా? రెండు, పెట్రోలు పోశాక బావమరిదికి చేతులు వణికి, తనే 100కి ఫోన్ చేశాడు. అతని పేరు పక్కన ఏ సెక్షన్ రాస్తారు?