రిపీటర్‌కు వినపడకపోతే: లక్షణం, మూలం, మరమ్మతు

హామ్ రేడియోలో దూరపు స్టేషన్ల మాట విని తిరిగి పంపే కొండమీది యంత్రం రిపీటర్. దాని మీద వచ్చే ఫిర్యాదు చాలావరకు ఒకే మాటతో మొదలవుతుంది: ‘పవర్ తగ్గినట్టుందండీ, ఒకసారి చూడండి.’ కొండెక్కి వాట్ మీటర్ పెడితే పవర్ ఎప్పుడూ ఉన్నంతే ఉంటుంది. తగ్గింది దాని గొంతు కాదు, చెవి.

రెండు మీటర్ల బ్యాండులో రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటూ, అదే క్షణంలో 600 కిలోహెర్ట్జ్ పైన పలుకుతుంది. ఉదాహరణకు 145.000 మెగాహెర్ట్జ్‌లో విన్నది 145.600లో పంపుతుంది. అదీ ఒకే యాంటెన్నాతో. ట్రాన్స్‌మిటర్ 20 వాట్లు పంపుతోందంటే ప్లస్ 43 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత). రిసీవర్ పట్టుకోవాల్సిన దూరపు సిగ్నల్ 0.25 మైక్రోవోల్టు, అంటే మైనస్ 119 డీబీఎం. రెండింటి మధ్య 162 డెసిబెల్స్ (డీబీ) తేడా. తాను డప్పు కొడుతూనే వీధి చివర ఎవరో గుసగుసలాడితే వినాలన్నమాట. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక నోటుబుక్కు కావాలి. అంతా బాగున్న రోజున ట్రాన్స్‌మిటర్ దగ్గర పవర్, డూప్లెక్సర్ (పంపే, వినే ఫ్రీక్వెన్సీలను వేరుచేస్తూ రెండింటినీ ఒకే యాంటెన్నాకు కలిపే ఫిల్టర్ పెట్టె) దాటాక పవర్, యాంటెన్నా నుంచి వెనక్కొచ్చే పవర్, లోడ్ మీద బ్యాటరీ వోల్టేజి, రిసీవర్ సెన్సిటివిటీ రాసిపెట్టండి. ఆ పాత అంకెలు లేకపోతే ఇవాళ్టి మీటర్ చూపించేది మంచో చెడో ఎవరూ చెప్పలేరు.

‘రిపీటర్ ఫుల్‌గా వినపడుతోంది, కానీ నా హ్యాండీ (చేతి సెట్టు) ఎక్కడం లేదు’

దగ్గరి స్టేషన్లకు ఏ తేడా తెలియదు. దూరంగా ఉన్నవాళ్లు మాత్రం మాట మధ్యలో తెగిపోతుంటారు. ఇంకొంచెం ముదిరితే రిపీటర్ టకటకా పడి లేస్తూ ఉంటుంది. బలహీనమైన సిగ్నల్ రాగానే స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రిసీవర్ నోరు మూసి ఉంచే తలుపు) తెరుచుకుంటుంది, ట్రాన్స్‌మిటర్ ఆన్ అవుతుంది, దాని హోరులో ఆ సిగ్నల్ మునిగిపోతుంది, స్క్వెల్చ్ మూసుకుంటుంది. ట్రాన్స్‌మిటర్ ఆగగానే సిగ్నల్ మళ్లీ కనిపిస్తుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది. దీన్నే మనవాళ్లు డీసెన్స్ అంటారు.

మూలం ఎక్కడుందో తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు, కాకపోతే ఓపిగ్గా చేయాలి. డూప్లెక్సర్ యాంటెన్నా పోర్టుకు ఫీడర్ (యాంటెన్నాకు వెళ్లే కేబుల్) బదులు మంచి డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మింగే రెసిస్టర్) పెట్టండి. మధ్యలో ఒక టీ కనెక్టర్ వేసి, దాని పక్క కొమ్మలోని పిన్ను లోపలి పిన్నుకు తగలకుండా కత్తిరించండి. ఆ కొమ్మలోంచి సిగ్నల్ జనరేటర్‌తో సన్నటి సిగ్నల్ పంపండి. ట్రాన్స్‌మిటర్ పీటీటీ వైరు (దాన్ని ఆన్ చేసే తీగ) ఊడదీసి, రిసీవర్ స్పీకర్లో సగం హోరు, సగం మాట వినపడే దాకా సిగ్నల్ తగ్గించండి. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ చేత్తో ఆన్ చేయండి. హోరు పెరిగితే డీసెన్స్ ఉన్నట్టే. మళ్లీ మొదటిలా వినపడటానికి సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ పెంచాల్సి వచ్చిందో రాసుకోండి. 1 డీబీ లోపుంటే సంతోషించవచ్చు. 6 డీబీ అయితే మీ రిపీటర్ సగం చెవితో వింటోంది.

డమ్మీ లోడ్ మీదే హోరు వస్తే లోపం గదిలోనే ఉంది. డమ్మీ లోడ్ మీద నిశ్శబ్దంగా ఉండి, యాంటెన్నా తగిలించగానే వస్తే లోపం గది బయట ఉంది: ఫీడర్, కనెక్టర్లు, యాంటెన్నా, టవర్. ఈ ఒక్క విభజన చేయకుండా టవర్ ఎక్కినవాళ్లంతా ఆ రోజు ఊరికే అలసిపోయినవాళ్లే. మేమూ రెండుసార్లు ఎక్కాం.

గదిలోనే అని తేలితే ముందు చూడాల్సింది డూప్లెక్సర్ కాదు, దాన్ని రేడియోలకు కలిపే చిన్న చిన్న జంపర్ కేబుళ్లు. ఒకే పొర అల్లిక ఉన్న మామూలు ఆర్‌జీ-58 ముక్క పెడితే దాంట్లోంచి ఆర్ఎఫ్ (రేడియో శక్తి) కారిపోతుంది. డూప్లెక్సర్ ఇచ్చే 80 డెసిబెల్స్ రక్షణను ఆ అడుగు ముక్కే పాడుచేస్తుంది. రెండు పొరల వెండి పూత అల్లిక ఉన్న ఆర్‌జీ-214 గానీ, ఆర్‌జీ-400 గానీ వాడండి. కనెక్టర్లు ఎన్-టైప్ వేయండి. అల్యూమినియం రేకు, దానిమీద రాగి అల్లిక ఉండే ఎల్ఎంఆర్-400 లాంటి కేబుల్ మామూలు స్టేషన్‌కు చక్కగా పనికొస్తుంది. డూప్లెక్స్‌కు మాత్రం వద్దు. రెండు లోహాలు రాసుకునే చోట కొంతకాలానికి చరచరలు పుడతాయి.

జంపర్లు బాగుంటే అప్పుడు కేవిటీలు, అంటే డూప్లెక్సర్‌లోని ఫిల్టర్ డబ్బాలు. ఇక్కడ రెండు పనులు వేరుగా జరుగుతాయని గుర్తుంచుకోవాలి. ట్రాన్స్‌మిట్ వైపు కేవిటీలు రిసీవ్ ఫ్రీక్వెన్సీలో పడే ట్రాన్స్‌మిటర్ హోరును కోస్తాయి. రిసీవ్ వైపు కేవిటీలు ట్రాన్స్‌మిటర్ అసలు క్యారియర్‌ను రిసీవర్‌లోకి పోకుండా ఆపుతాయి. ఏ వైపు జారినా వినికిడి పోతుంది. నానో వీఎన్‌ఏ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ దాటుతుందో, ఎంత వెనక్కొస్తుందో చూపే చిన్న మీటర్)తో కేవిటీలను ఒక్కొక్కటిగా ఊడదీసి ట్యూన్ చేయవచ్చు. మొత్తం డూప్లెక్సర్ కలిపి చూస్తే నాచ్ (ఫిల్టర్ గట్టిగా కోసే చోట కనిపించే గుంట) అడుగు మీటర్‌కు అందదు, అదంతా హోరులా కనిపిస్తుంది. పక్క టవర్లలో ఎఫ్ఎం స్టేషనో మరొకటో ఉంటే ఆ చిన్న మీటర్ తికమకపడుతుంది. అందుకని ఈ పని ఇంట్లో బల్లమీద చేసి, లాక్ నట్టు బిగించి, మళ్లీ ఒకసారి కొలిచి కొండకు తీసుకెళ్లండి. నట్టు బిగించేటప్పుడే ట్యూనింగ్ కొంచెం జరుగుతుంది. ‘బిగించకముందు బాగుంది’ అంటే లాభం లేదు.

డూప్లెక్సర్‌లో 1.5 డీబీ పోవడం మామూలే. 40 వాట్లు వేస్తే యాంటెన్నా వైపు 28 వాట్లు వస్తాయి. అది లోపం అనుకుని స్క్రూలు తిప్పడం మొదలుపెట్టకండి.

‘వానొస్తే పాడవుతోంది, ఎండ కాస్తే బాగవుతోంది’

మన తీరంలో ఎక్కువగా చూసే జబ్బు ఇదే. కనెక్టర్లోకి నీళ్లు దిగాయి. అంతవరకూ అందరూ చెబుతారు. నేను చెప్పాల్సింది మీటర్ చేసే మోసం గురించి.

ఒక వర్షాకాలం తర్వాత మా రిపీటర్ మైదానంలో సగం ఊళ్లకు అందకుండా పోయింది. కింద ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కొస్తోందో చెప్పే అంకె, 1 అంటే ఏమీ రానట్టు) చూస్తే 1.2. ఇంత బాగుంటే యాంటెన్నాను ఎలా అనుమానిస్తాం? నెల రోజులు రేడియోలు మార్చి మార్చి చూశాం. చివరికి ఫీడర్ పై కొస విప్పితే కేబుల్ అల్లిక నల్లగా, పచ్చగా మారి ఉంది. నీళ్లు తాగిన కేబుల్ పవర్‌ను పైకి వెళ్లేటప్పుడు కొంత, తిరిగొచ్చేటప్పుడు కొంత వేడిగా మింగేస్తుంది. కింద మీటర్‌కు తిరిగొచ్చేది తక్కువ కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ అందంగా కనిపిస్తుంది. కేబుల్‌లో 3 డీబీ నష్టం ఉంటే పైన యాంటెన్నా ఊడిపోయినా సరే కింద 3కి మించి చూపించదు. నోటుబుక్కులో పోయినేడాది 1.5 ఉండి, ఈ ఏడాది ఏమీ చేయకుండానే 1.2 అయితే సంబరపడకండి, భయపడండి.

కేబుల్‌ను నేరుగా పరీక్షించాలంటే పై కొస యాంటెన్నా నుంచి విప్పి ఖాళీగా వదిలేసి, కింద వీఎన్‌ఏతో రిటర్న్ లాస్ (పంపినదానికన్నా వెనక్కొచ్చింది ఎన్ని డీబీ తక్కువో) చూడండి. దాంట్లో సగం ఒకవైపు నష్టం. 145 మెగాహెర్ట్జ్‌లో ఆర్‌జీ-213 కేబుల్‌కు 30 మీటర్లకు మూడు డీబీకి కాస్త తక్కువ ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువ వస్తే ఆ కేబుల్ ఇక పారేయాల్సిందే. ఎండబెడితే కోలుకోదు, ఎందుకంటే లోపల తుప్పు మొదలైపోయింది.

కొత్త కనెక్టర్ కట్టేటప్పుడు మొదట ఒక పొర పీవీసీ టేపు, దానిమీద సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, ఆపైన ఎండ తగలకుండా మళ్లీ పీవీసీ టేపు. పై పొర చుట్టడం కింద నుంచి పైకి సాగాలి. అప్పుడు పెంకుటింటి పెంకుల్లా ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడి నీళ్లు జారిపోతాయి. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ ఒక దోసిలి. గదిలోకి వచ్చేముందు కేబుల్‌ను కిందికి వంచి మళ్లీ పైకి తీసుకెళ్లండి, వాన చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. టవర్ మీద పీఎల్-259 కనెక్టర్ అసలు పెట్టొద్దు, నీటిని ఆపేలా దాన్ని చేయలేదు.

గాలి వీచినప్పుడల్లా చరచర

మాట వెనక పకోడీలు వేగుతున్న చప్పుడు. గాలి లేకపోతే శుభ్రం. డమ్మీ లోడ్ మీద పోతుంది, యాంటెన్నా మీద వస్తుంది. టవర్ మీద ఎక్కడో తుప్పుపట్టిన బోల్టు, వదులైన క్లాంపు, ఒకదానికొకటి రాసుకునే రెండు ఇనుప ముక్కలు ఉన్నాయి. బలమైన ఆర్ఎఫ్ పడినప్పుడు ఆ తుప్పు అతుకు డయోడ్‌లా పనిచేసి రకరకాల ఫ్రీక్వెన్సీల్లో హోరు పుట్టిస్తుంది. ఒకరు రిసీవర్ దగ్గర వింటుంటే ఇంకొకరు నేలమీద నిలబడి టవర్ కాళ్లను చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. చరచర లేస్తే అనుమానం రుజువైనట్టే. పాత టవర్ల మీద ఎప్పుడో వదిలేసిన కట్టుతీగలు, వాడని యాంటెన్నాల క్లాంపులు దింపేస్తే చాలాసార్లు సగం రోగం పోతుంది. ఇనుప తీగ బదులు ఎండకు తట్టుకునే నల్ల ప్లాస్టిక్ టై వాడండి.

ఎవరూ మాట్లాడకపోయినా రిపీటర్ లేచి కూర్చుంటోంది

గదికి వచ్చే కరెంటు మెయిన్ ఆపి బ్యాటరీ మీద నడిపి చూడండి. ఆగిపోతే గదిలోని ఎల్‌ఈడీ బల్బు, ఛార్జర్, ఎస్ఎంపీఎస్‌లలో ఏదో ఒకటి దోషి. ఒక్కొక్కటి ఆన్ చేస్తూ పట్టుకోవచ్చు. బ్యాటరీ మీద కూడా లేస్తుంటే పక్క టవర్ల సిగ్నళ్లు కలిసి మీ ఫ్రీక్వెన్సీలో పడుతున్నాయి. రిసీవర్ ముందు ఒక బ్యాండ్‌పాస్ కేవిటీ పెట్టాలి.

చాలామంది వెంటనే టోన్ (మాటతో పాటు వచ్చే గుర్తు శబ్దం, అది ఉంటేనే రిపీటర్ లేస్తుంది) పెట్టేసి సమస్య తీరిందంటారు. టోన్ ఉండాల్సిందే, కాదనను. కానీ హోరు అక్కడే ఉంటుంది, మనకు వినపడదంతే. బలహీనమైన స్టేషన్లు దానికింద మునిగిపోతూనే ఉంటాయి. ముందు హోరు తగ్గించి, తర్వాత టోన్ పెట్టండి. కంట్రోలర్‌లో మూడు నిమిషాల టైమౌట్ (ఆగకుండా పంపుతుంటే ఆపేసే గడువు) తప్పకుండా ఉంచండి.

కరెంటు పోతే గంటకే మూగబోతోంది

లెక్క వేసుకుందాం. వింటున్నప్పుడు అర ఆంపియరు, పంపేటప్పుడు 8 ఆంపియర్లు లాగే రిపీటర్ అయిదో వంతు సమయం పంపుతోందనుకుంటే సగటున 2 ఆంపియర్లు. 100 ఏహెచ్ (ఆంపియర్-గంటల) ట్యూబ్యులర్ బ్యాటరీలో సగమే వాడినా 25 గంటలు రావాలి. గంటకే పడిపోతే బ్యాటరీ ముసలిదైంది, లేదా వైరు సన్నగా ఉంది. వైరులోనూ ఫ్యూజు హోల్డర్‌లోనూ కలిపి 0.1 ఓం ఉంటే 8 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు అక్కడే పోతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర ఒకసారి, రేడియో సాకెట్ దగ్గర ఒకసారి, రెండూ ట్రాన్స్‌మిట్ చేస్తుండగానే కొలవండి. తేడా అర వోల్టు దాటితే లావు వైరు వేయండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టాక కరెంటూ, ఫోన్లూ పోయిన రోజులు చూసినవాళ్లం. అప్పటినుంచి ఏటా సెప్టెంబరులో మెయిన్ ఆపి పూర్తిగా ఒక రోజు బ్యాటరీ మీద నడుపుతున్నాం. ఆ రోజు ఏం పడిపోతుందో అదే ఆ ఏడాది మా రిపేరు జాబితా.

మాట్లాడుతూ మాట్లాడుతూ పవర్ తగ్గుతుంటే అది వేడి. రెండు మొబైల్ సెట్లు కలిపి చేసిన రిపీటర్ అయితే 50 వాట్ల సెట్టును 15, 20 వాట్ల దగ్గరే ఉంచి, హీట్‌సింక్ మీద ఫ్యాన్ పెట్టండి. ఎడతెగకుండా పంపడానికి వాటిని చేయలేదు.

టవర్ వంగినట్టుంది

చెయ్యి చాచి తూకపు దారం పట్టుకుని, దాన్ని టవర్ అంచుకు ఆనించి దూరం నుంచి చూడండి. ఒకచోట నుంచి చూశాక, దానికి లంబంగా ఇంకోచోట నుంచీ చూడాలి. వంపు ఉంటే మూడు గై వైర్లలో (టవర్‌ను లాగి నిలబెట్టే తీగలు) ఒకటి వదులైంది, లేదా దాని యాంకర్ (నేలలో పాతిన కొస) కదిలింది. గై వైరును దాని తెగే బలంలో పదో వంతు బిగువులో ఉంచుతారు. టర్న్‌బకిల్స్ (తీగను బిగించే మరలు) గాలికి వాటంతటవే విప్పుకుంటాయి కాబట్టి వాటి కళ్లలోంచి ఒక తీగ దూర్చి ముడేయండి. తీగ క్లిప్పుల్లో యూ-బోల్టు పొట్టి కొసమీద పడాలి, జీను భాగం బరువు మోసే తీగమీద కూర్చోవాలి. తిరగేసి బిగిస్తే మోసే తీగే నలుగుతుంది.

యాంకర్ రాడ్డు పైకి బాగానే కనిపిస్తుంది. తినేది నేల తాకే చోట, మట్టికి కొంచెం కింద. ఏడాదికోసారి జానెడు లోతు తవ్వి, బ్రష్షుతో గీకి, సన్నబడిందేమో చూడండి. సముద్రం దగ్గర గాల్వనైజింగ్ ఎంత మందంగా ఉన్నా ఈ తనిఖీ తప్పదు. గై మార్చాల్సి వస్తే ముందు తాత్కాలిక గై కట్టి బిగించాకే పాతది విప్పాలి. దీనికి మినహాయింపు లేదు.

ఎక్కేవాళ్లకు ఒంటినిండా కట్టుకునే హార్నెస్, రెండు తాళ్లు ఉండాలి. ఒకటి మార్చేటప్పుడు రెండోది టవర్‌కు తగిలి ఉండాలి. ట్రాన్స్‌మిటర్ ఫ్యూజు తీసి ఎక్కేవారి జేబులోనే పెట్టండి. తేనెతుట్టెలు ఉన్నాయేమో కింద నుంచే చూసుకోండి.

పిడుగు పడ్డాక రిసీవర్ చచ్చిపోయింది

టవర్‌కు ఒక ఎర్త్, రేడియోకు ఇంకో ఎర్త్ విడివిడిగా వేసిన చోట ఇది ఎక్కువ. పిడుగు పడిన క్షణంలో రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ కరెంటు రేడియోలోంచే దారి చేసుకుంటుంది. అన్ని ఎర్త్‌లనూ లావు రాగి పట్టీతో కలపండి. ఫీడర్ పై పొరను టవర్ పైనా, కింద గదివైపు మలుపు తిరిగే ముందూ టవర్‌కు కలిపి, గది గోడ దగ్గర అరెస్టర్ (పిడుగు కరెంటును ఎర్త్‌కు మళ్లించే పరికరం) పెట్టండి. ఎర్త్ పట్టీని గట్టిగా మడవకండి, మెల్లగా వంచండి. రాగిని నేరుగా గాల్వనైజ్డ్ కాలికి బిగిస్తే జింకు పూత తినేస్తుంది, మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపు వాడండి. వేసవిలో మట్టి ఎండిపోయినప్పుడే అకాల వర్షాలతో పిడుగులు పడతాయి. అందుకని ఎర్త్ గుంతలకు మార్చి నుంచే నీళ్లు పోస్తూ ఉండండి.