అమెరికా సైన్యానికి కొనేటప్పుడు వారంటీ సంగతి ఇలా చూసుకోండి
అమెరికా రక్షణ శాఖ కొనుగోళ్లు చూస్తుంటే ముందు ఇది తెలుసుకోండి: 1980ల్లో పెద్ద ఆయుధాలకు వారంటీ తప్పనిసరి చేసిన చట్టాన్ని 1997లో రద్దు చేశారు, ఇప్పుడు నిర్ణయం చాలావరకు కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌దే, అంటే ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు కుదిర్చే అధికారిదే. వారంటీ ఊరికే రాదు, ఆ ఖర్చు ధరలోనే కలుస్తుంది, కాబట్టి లాభం ఉందో లేదో లెక్కేయండి. బయట మార్కెట్లో దొరికే వస్తువైతే మామూలు కస్టమర్లకిచ్చే వారంటీ అయినా అడగండి.

అసలు చిక్కు వస్తువును వాడే సైనిక యూనిట్‌లో. చెడిపోయిన పంపును మెకానిక్ తనే విప్పి బాగుచేసేస్తే క్లెయిమ్ చేజారవచ్చు, గోదాములో పడి ఉండగానే గడువు అయిపోవచ్చు. అందుకే గడువు డెలివరీ నుంచా, వాడకం నుంచా, లోపాన్ని ఎన్నాళ్లలో చెప్పాలి, రవాణా ఎవరి ఖర్చు అన్నవి కాంట్రాక్టులోనే రాయించండి. వస్తువు మీద వారంటీ గుర్తు తప్పకుండా వేయించండి, విప్పే మనిషికి కనిపించేది అదే.