కొత్త ప్లగ్ వేసినా మిస్సింగ్ పోలేదా? పాత బండి స్పార్క్ ప్లగ్ సమస్యలు – పరిష్కారాలు

కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపేది), డిస్ట్రిబ్యూటర్ (కరెంటును ఒక్కో ప్లగ్‌కు పంచేది) ఉన్న పాత ఇంజన్ మొరాయించగానే, మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ మండక ఇంజన్ కుదుపుతూ నడవడం) మొదలవగానే చాలామంది ముందు ప్లగ్గులు మారుస్తారు. బండి నాలుగు రోజులు హాయిగా నడుస్తుంది. ఐదో రోజు మళ్లీ మొదటికే వస్తుంది. నా పాత కారుకు ఇలా ఒకే నెలలో మూడు సెట్లు మార్చాను. మూడోసారి విప్పిన ప్లగ్గులను పారేయకుండా ఎండలో ఒక కాగితం మీద వరుసగా పెట్టి చూశాను. నాలుగింటి మీదా ఒకే తీరున పొడి మసి ఉంది, వేలితో తుడిస్తే కాటుకలా అంటుకుంది. నాలుగూ ఒకేలా నల్లబడ్డాయంటే తప్పు ప్లగ్గులది కాదు, నాలుగింటికీ ఉమ్మడిగా అందుతున్న పెట్రోలుది. చూస్తే చోక్ (చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించే రేకు) కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మీట లోపలికి నెట్టినా కార్బ్యురేటర్ దగ్గర రేకు సగం మూసుకునే ఉంది. కేబుల్ మార్చాక వేసిన సెట్టు 15 వేల కిలోమీటర్లు నడిచింది.

అందుకే ఈ వ్యాసం మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. ప్లగ్ చాలాసార్లు నేరస్థుడు కాదు, సాక్షి. సిలిండర్ లోపల ఏం జరుగుతోందో మనకు చూపించే సాక్షి అదొక్కటే. వాంగ్మూలం వినకుండా దాన్ని చెత్తబుట్టలో వేయకండి.

విప్పేముందు

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్డు (సిలిండర్ల మీది మూత) వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ తిప్పితే హెడ్డులోని మర చుట్లు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. వైర్లకు 1, 2, 3, 4 అని కాగితం పట్టీలు అంటించండి. వైర్ల వరుస తారుమారైతే ఇంజన్ కార్బ్యురేటర్‌లోంచి ఎదురు పేలుతుంది. వైరును పట్టుకుని లాగకండి, రబ్బరు టోపీని పట్టుకుని కొంచెం మెలితిప్పి తీయండి. ప్లగ్ చుట్టూ ఉన్న గుంటలో పేరుకున్న ఇసుకను గాలితో ఊదేయండి. ప్లగ్ బయటికి రాగానే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లోకి జారుతుంది.

ఇంకో మాట. పది నిమిషాలు ఐడిలింగ్‌లో (కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తూ) ఉంచిన బండి ప్లగ్గులు ఎలాగూ నల్లగానే కనిపిస్తాయి, వాటిని చూసి ఏ నిర్ణయమూ చేయలేం. ఓ పది, పదిహేను కిలోమీటర్లు మామూలు వేగంతో నడిపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా వెంటనే ఆపి, చల్లారాక విప్పండి. ఏ ప్లగ్ ఏ సిలిండర్‌దో తెలిసేలా అట్టముక్కకు రంధ్రాలు చేసి వరుసగా గుచ్చండి. పింగాణీ కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

సమస్య: స్టార్ట్ కావడం లేదు, ప్లగ్ పెట్రోలుతో తడిసి ఉంది

పెట్రోలు అందుతోంది, మండడం లేదు. నిప్పురవ్వ పుట్టకపోవడమో, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచడం వల్ల పెట్రోలు ముంచెత్తడమో కారణం. రెండోదైతే పరిష్కారం తేలిక. ప్లగ్గులు ఆరబెట్టి బిగించి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిపట్టి కొన్ని సెకన్లు స్టార్టర్ తిప్పండి. అదనపు పెట్రోలు గాలితోపాటు బయటికి పోతుంది.

నిప్పురవ్వ చూడాలంటే విప్పిన ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి గట్టిగా ఆనించండి. చేత్తో పట్టుకోకండి, మందపాటి రబ్బరు ఉన్న పట్టకారుతో పట్టండి. తెరిచిన ప్లగ్ రంధ్రానికీ కార్బ్యురేటర్‌కూ దూరంగా ఉంచండి, ఎందుకంటే అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. నీలం తెలుపు కలిసిన రంగులో చిటచిటలాడుతూ దూకితే కరెంటు బాగున్నట్టు. సన్నగా పసుపు, నారింజ రంగులో వణుకుతూ వస్తే బలం లేదు. అయితే ఇక్కడ చాలామంది మోసపోతారు. బయటి గాలిలో దూకిన నిప్పురవ్వ, సిలిండర్‌లో ఒత్తిడి కింద దూకకపోవచ్చు. ఒత్తిడి పెరిగేకొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట రవ్వ కనిపించింది కాబట్టి ప్లగ్ మంచిదే అనుకోవద్దు.

రవ్వ నీరసంగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు (కరెంటును తెంచి కలిపే స్విచ్చు) చూడండి. ముఖాలు నల్లగా కాలి, ఒకవైపు గుంట, మరోవైపు బొడిపె ఏర్పడితే కండెన్సర్‌ను (పాయింట్ల మధ్య నిప్పులు రేగకుండా చూసే చిన్న భాగం) అనుమానించాలి. పాయింట్లు, కండెన్సర్ రెండూ కలిపి మార్చండి. పాయింట్ల గ్యాప్ చాలా ఇంజన్లలో 0.4 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించండి.

సమస్య: ఐడిలింగ్‌లో మిస్సింగ్, ప్లగ్ పొడి మసితో నల్లబడింది

అన్ని ప్లగ్గులూ ఒకేలా నల్లబడ్డాయా, ఒక్కటే నల్లబడిందా? ఈ ప్రశ్నతోనే సగం పని తేలిపోతుంది.

అన్నీ నల్లబడితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే బుడ్డి) మట్టం ఎక్కువైందా, సూది వాల్వు అరిగి కారుతోందా అని ఈ వరుసలోనే చూడండి. ఎప్పుడూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో ప్లగ్ వేడెక్కే సమయమే దొరకదు. పింగాణీ కొన దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మసి తనంతట తాను కాలిపోతుంది. అలాంటి బండిని వారానికోసారి కాస్త దూరం, కాస్త వేగంగా నడపడమే వైద్యం.

ఒక్కటే నల్లబడితే ఆ ప్లగ్‌ను పక్క సిలిండర్ ప్లగ్‌తో తారుమారు చేయండి. మిస్సింగ్ ప్లగ్‌తోపాటు కొత్త సిలిండర్‌కు వెళ్తే ప్లగ్‌దే తప్పు. పాత సిలిండర్‌లోనే ఉండిపోతే వైరు, డిస్ట్రిబ్యూటర్ మూత, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) చూడాలి. వైర్ల పరీక్షకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. రాత్రిపూట దీపాలన్నీ ఆర్పి, ఆరుబయట ఇంజన్ నడుస్తుండగా బానెట్ తెరిచి చూడండి. వైరు పగిలినచోట నీలిరంగు మెరుపులు ఇంజన్ ఒంటి మీదికి దూకుతూ కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఉంటే అది మసి కాదు, కరెంటు వేసుకున్న దారి. దాన్ని తుడిచి లాభం లేదు, మూత మార్చాలి.

పింగాణీ లోహంలోకి దిగేచోట, బయటివైపు గోధుమరంగు వలయం కనిపిస్తే కంగారుపడకండి. గ్యాస్ కారుతోందని చాలామంది ఆ ప్లగ్గులు పారేస్తారు. అధిక వోల్టేజీ వల్ల, చుట్టూ గాలిలో ఉన్న నూనె తుంపరలు అక్కడ అంటుకోగా వచ్చే మరక అది. పనికి అడ్డం రాదు. అదే పింగాణీ మీద పైనుంచి కిందికి నిలువుగా నల్లగీత ఉంటే మాత్రం కరెంటు బయటినుంచే జారిపోతోంది. అప్పుడు ప్లగ్‌తోపాటు రబ్బరు టోపీ కూడా మార్చాలి.

సమస్య: ప్లగ్ మీద జిడ్డుగా నల్లని నూనె, పొగగొట్టం నుంచి నీలం పొగ

ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. కంప్రెషన్ కొలిచి, తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో, సిలిండర్ గోడలో అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల సీటింగునో, హెడ్ గ్యాస్కెట్‌నో చూడాలి. కంప్రెషన్ బాగుండి కూడా నూనె వస్తుంటే వాల్వు సీళ్లు, గైడ్ల వంతు. ఒక మెట్టు వేడి ప్లగ్ (కొన ఎక్కువ వేడిగా ఉండే రకం) వేస్తే నూనెను కొంత కాల్చుకుంటూ బండి నడుస్తుంది. కానీ అది ఇంజన్ విప్పేదాకా ఊపిరి నిలపడమే. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో అయితే ముందు పెట్రోలులో కలిపే ఆయిల్ పాళ్లు సరిచూడండి.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు టకటక శబ్దం, పింగాణీ సున్నంలా తెల్లబడింది

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. మసి పట్టిన ప్లగ్ బండిని ఆపేస్తుంది, తెల్లబడిన ప్లగ్ ఇంజన్‌నే కాల్చేస్తుంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవడం, టైమింగ్ (నిప్పురవ్వ పుట్టే క్షణం) ముందుకు జరగడం, అవసరానికి మించిన వేడి ప్లగ్ వేయడం కారణాలు. కొన దాదాపు 850 డిగ్రీలు దాటితే నిప్పురవ్వ రాకముందే ఆ వేడికే పెట్రోలు అంటుకుంటుంది. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు, మెరిసే సన్నని లోహపు పూసలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. ఆ బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

మానిఫోల్డ్ గ్యాస్కెట్, కార్బ్యురేటర్ అడుగు గ్యాస్కెట్, పగిలిన వాక్యూమ్ గొట్టాల దగ్గర గాలి పీలుస్తోందేమో చూడండి. జెట్టులో చెత్త ఉందేమో శుభ్రం చేయండి. టైమింగును లైటు పెట్టి సరిచేయండి. ఇవన్నీ అయ్యాకే ప్లగ్ నంబరు సంగతి.

సమస్య: మామూలుగా బాగుంటుంది, వేగం పెంచితే తడబడుతుంది

ప్లగ్ అరిగిందేమో చూడండి. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు కొత్తలో చాకుతో కోసినట్టు పదునుగా ఉంటాయి. నిప్పురవ్వ పదునైన అంచు నుంచి సులువుగా దూకుతుంది. అంచులు గుండ్రంగా అరిగి, గ్యాప్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ) పెరిగితే కాయిల్ (ప్లగ్గులకు అధిక వోల్టేజీ పుట్టించేది) మీద భారం పడుతుంది. మామూలు నికెల్ ప్లగ్గులు కార్లలో 15 నుంచి 20 వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. ఆ తర్వాత గ్యాప్ సరిచేసుకుంటూ లాగించడం కంటే మార్చడమే మంచిది.

ప్లగ్గులు కొత్తవైనా తడబడుతుంటే కాయిల్ మీది రెండు సన్నని వైర్లను చూడండి. పూర్వం పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొసను బండి ఒంటికి కలిపే పద్ధతి) ఉండి తర్వాత మార్చిన బండ్లలో, కాయిల్ కొత్తగా వేసిన బండ్లలో ఇవి తారుమారై ఉండటం తరచూ కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లు వేడి లోహం నుంచి తేలిగ్గా బయటపడతాయి. ప్లగ్‌లో ఎక్కువ వేడిగా ఉండేది మధ్య ఎలక్ట్రోడ్, కాబట్టి అది నెగటివ్‌గా ఉండాలి. తిరగబడితే ఇంజన్ నడుస్తుంది, కానీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ లోటు వేగంలోనే బయటపడుతుంది. రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే చాలు.

సరైన ప్లగ్ ఎంచుకోవడం

చూడటానికి ఒకేలా ఉందని ప్లగ్ కొనకండి. మర చుట్ల పొడవు ముఖ్యం. 14 మి.మీ. మర ప్లగ్గుల్లోనే 12.7 మి.మీ. పొడవువీ, 19 మి.మీ. పొడవువీ ఉంటాయి. పొట్టిదాని స్థానంలో పొడవుది వేస్తే పిస్టన్ తగలవచ్చు. పొడవుదాని స్థానంలో పొట్టిది వేస్తే హెడ్డులో మిగిలిన చుట్లలో మసి గడ్డకట్టి, తర్వాత సరైన ప్లగ్ ఎక్కదు. వాషరుతో కూర్చునేవి, వాషరు లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునేవి వేర్వేరు. ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు.

తర్వాత హీట్ రేంజ్. వేడి ప్లగ్ వేస్తే నిప్పురవ్వ వేడెక్కుతుందనుకోవడం పొరపాటు. రవ్వకూ దీనికీ సంబంధం లేదు. కొనకు తగిలిన వేడి ఎంత త్వరగా హెడ్డులోకి దిగిపోతుందన్నదే లెక్క. పింగాణీ కొన పొడవుగా ఉంటే వేడి నెమ్మదిగా దిగుతుంది, అది వేడి ప్లగ్. ఇక్కడ అంకెలతో జాగ్రత్త. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడిది. కంపెనీ మార్చి అంకె అదే ఉంచితే బోల్తా పడతాం. ఉదాహరణకు ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్‌లో బీ అంటే 14 మి.మీ. మర, పీ అంటే పింగాణీ కొన బయటికి పొడుచుకు రావడం, ఆర్ అంటే రెసిస్టర్, 6 హీట్ రేంజ్, ఈ అంటే 19 మి.మీ. పొడవు. 'ఈ' అక్షరం బదులు హెచ్ ఉంటే 12.7 మి.మీ.

రెసిస్టర్ ప్లగ్ లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటుంది. రేడియో గరగరను తగ్గిస్తుంది. తర్వాతి రోజుల్లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్న పాత బండికి ఇదే వేయాలి. పైన తొడిగే నట్టు కావాలో, నట్టు తీసేసి సన్నని మర మీద తగిలించాలో పాతది చూసి తేల్చుకోండి. నట్టు వదులుగా ఉన్నా మిస్సింగ్ వస్తుంది. ఇరీడియం ప్లగ్గులు ఎక్కువకాలం మన్నుతాయి, తక్కువ వోల్టేజీతో రవ్వ ఇస్తాయి. కానీ నూనె తాగే ఇంజన్‌లో అవీ మామూలు ప్లగ్గుల్లాగే మసిబారతాయి. అలాంటి ఇంజన్‌కు వాటి మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

గ్యాప్, బిగింపు

పాయింట్లున్న బండ్లలో గ్యాప్ సాధారణంగా 0.6 నుంచి 0.7 మి.మీ. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో 0.8 నుంచి 1.1 దాకా ఉంటుంది. పెట్టెలోంచి తీసిన ప్రతి ప్లగ్‌నూ కొలవండి. వంచాల్సింది బయటి ఎలక్ట్రోడ్‌నే. మధ్యదాన్ని ఆసరా చేసుకుని నొక్కితే పింగాణీ కొన చిట్లుతుంది. ఆ పగులు కంటికి కనపడదు, బండి ఎక్కాక బయటపడుతుంది.

మర ఎక్కించడానికి పాన వాడకండి. ప్లగ్ తలకు ఒక జానెడు రబ్బరు గొట్టం తొడిగి, దానితో తిప్పండి. మర వంకరగా పట్టుకుంటే గొట్టం జారిపోతుంది, హెడ్డు పాడవదు. చేతితో చివరిదాకా దిగాక, వాషరున్న 14 మి.మీ. కొత్త ప్లగ్‌ను పానతో సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే చాలు. టార్క్ పాన ఉంటే అల్యూమినియం హెడ్డుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఒకసారి నలిగిన వాషరుతో పాత ప్లగ్‌నే మళ్లీ వేస్తే చుట్టులో పన్నెండో వంతు సరిపోతుంది. మర చుట్లకు గ్రీజు పూయకండి. జారుడు పెరిగి, అదే బలానికి అవసరానికి మించి బిగుస్తుంది.

బిగించాక ఓ ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపండి. చల్లారాక ఒక్క ప్లగ్ విప్పి కొన చూడండి. లేత గోధుమ రంగు మొదలైతే తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, ప్లగ్ నంబరు, పెట్టిన గ్యాప్ ఒక కాగితం మీద రాసి, బానెట్ కింద పొడిగా ఉండేచోట అంటించండి.