పాత షెవీ ట్రక్కు ఢామ్మంటుంటే

డాలస్‌లో మా ఇంట్లో 1978 షెవర్లే సి10 ఉంది. దాని 350 ఇంజిన్‌కి (350 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్లది) కొత్త కార్బ్యురేటర్ (పెట్రోలు, గాలి కలిపేది), హెడర్లు (ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాలు) నేనే బిగించాను. ఢామ్మంటే ముందు వినండి: పైన కార్బ్యురేటర్‌నుంచా, వెనక సైలెన్సర్‌నుంచా?

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్ టపటపలాడితే హెడర్ గాస్కెట్ (హెడర్‌కీ ఇంజిన్‌కీ మధ్య లీకు ఆపే పట్టీ) చూడండి. అది లీకై గాలి పీల్చేచోట మసి ఉంటుంది.

కార్బ్యురేటర్‌లోంచి పేలితే స్పార్క్ ప్లగ్ వైర్లు చూడాలి. మొహం మాత్రం దానిమీదకి వంచకండి, మంట ఎగదన్నుతుంది! సిలిండర్లు మండే వరస 1-8-4-3-6-5-7-2. నా తప్పు 5, 7 దగ్గర దొరికింది. పక్కపక్క సిలిండర్లు, వెంటవెంటనే మండుతాయి. వైర్లు ఆనుకుంటే 5కి వెళ్లే స్పార్క్ 7కి పాకుతుంది. రాత్రి లైటార్పితే సన్నటి నీలం మెరుపు కనిపించింది, ప్రాణం లేచొచ్చింది. రెంటినీ దూరంగా కట్టేశాను. టైమింగ్ లైట్ (స్పార్క్ సరైన సమయానికి పడుతోందా అని చూపేది) ఆ తర్వాతే తీయండి; వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకి జరిపేది) గొట్టం ఊడదీసి, మూసి చూడాలి.